మెలకువ మాత్రతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు?

ప్రశ్న: నా వయసు 32. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మూడేళ్ల పాప. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఇక్కడి పని, మళ్లీ ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా న్యూజెర్సీ క్లయింటుతో కాల్స్. ఎనిమిది నెలల కిందట టీమ్‌లో ఒకావిడ నిద్ర రాకుండా ఉంచే మోడాఫినిల్ మాత్ర ఇచ్చింది. మొదట్లో 100 మి.గ్రా. సరిపోయేది. ఇప్పుడు పొద్దున 8కి 200, మధ్యాహ్నం 3కి ఇంకో 200. రాత్రి నిద్ర పట్టక నెలన్నరగా రోజూ అల్ప్రజోలం 0.5 వేసుకుంటున్నా. ఏదీ డాక్టరు రాసింది కాదు. గుండె దడ, ఆకలి లేదు, ఊరికే పాప మీద అరుస్తున్నా. ఒకసారి మోడాఫినిల్ రెండు రోజులు మానితే మంచం దిగలేకపోయా. గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నా. అత్తగారేమో రెండో బిడ్డ ఎప్పుడంటున్నారు. మావారికి ఈ మందుల సంగతి తెలియదు. నేను మత్తుకు బానిసనయ్యానా?
– ఒక సోదరి, మియాపూర్

జవాబు: మీ ప్రశ్నకు తర్వాత వస్తాను. మీరు అడగనిది ఒకటి ముందు చెప్పాలి. మోడాఫినిల్ వాడుతుంటే గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. ఆ మాత్రల్లోని హార్మోన్లను కాలేయం మామూలుకంటే త్వరగా కరిగించేస్తుంది. మీరు ఒక్క రోజు కూడా తప్పకుండా వేసుకున్నా ఇదే పరిస్థితి. మోడాఫినిల్ ఆపాక కూడా ఈ ప్రభావం నెల రోజులు ఉంటుంది. అత్యవసరంగా వేసుకునే 72 గంటల గర్భనిరోధక మాత్ర మీదా భరోసా పెట్టుకోలేం. కాబట్టి రేపు పొద్దున ఇంట్లోనే ప్రెగ్నెన్సీ కిట్‌తో చూసుకోండి. అప్పటి నుంచి మందు ఆపిన నెల దాకా కండోమ్ తప్పనిసరి (కాపర్ టీ వేయించుకుంటే దానికి ఈ ఇబ్బంది లేదు). గర్భంతో ఉండి మోడాఫినిల్ వాడితే బిడ్డకు పుట్టుకతో లోపాలు రావచ్చని 2019లో కెనడా ఆరోగ్య శాఖ హెచ్చరించింది. పరీక్షలో రెండు గీతలు కనిపిస్తే కంగారుపడి ఏ నిర్ణయమూ తీసుకోకండి. మోడాఫినిల్ ఆపి, అదే రోజు గైనకాలజిస్టును కలిసి రెండు మందుల పేర్లూ చెప్పండి.

ఇక నిద్ర సంగతి. మోడాఫినిల్ మోతాదులో సగం ఒంట్లోంచి పోవడానికి 12 నుంచి 15 గంటలు పడుతుంది. మీ లెక్కే వేద్దాం. పొద్దున 8కి వేసుకున్న 200లో రాత్రి 11కి దాదాపు 80 నుంచి 100 మిగులుతుంది. మధ్యాహ్నం 3కి వేసుకున్న దానిలో 125కి పైగా ఉంటుంది. రెండూ కలిపితే 200 దాటుతోంది. అంటే పక్క మీదికి చేరే వేళకు ఒక నిండు మాత్ర అప్పుడే మింగినంత మందు మీ ఒంట్లో తిరుగుతోంది. దాన్ని అణచడానికి అల్ప్రజోలం వేస్తున్నారు. దాని మగత పొద్దున్నే వదలదు కనుక మళ్లీ 200. ఇది నిద్ర రాని జబ్బు కాదమ్మా, మధ్యాహ్నం మాత్ర చేస్తున్న పని.

ఆ రెండో మాత్ర వల్ల ఒనగూరేదీ లేదు. నార్కొలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు), స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు), రాత్రి షిఫ్టుల వల్ల వచ్చే నిద్ర సమస్య, ఈ మూడింటికి డాక్టర్లు దీన్ని రాస్తారు. మామూలు మోతాదు రోజుకు 200. 400 తీసుకుంటే అదనంగా మేలు కలుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. దడ, రక్తపోటు, చిరాకు మాత్రం పెరగొచ్చు. పాప మీద అరుస్తున్నానని కుమిలిపోతున్నారు కదా, అందులో మందు వాటా, నిద్రలేమి వాటా చాలా ఉన్నాయి.

బానిసనయ్యానా అన్నారు. మానిన రెండు రోజులు మంచం దిగలేకపోవడం చూసి ఆ మాట అనుకున్నట్టున్నారు. ఎనిమిది నెలలుగా ఎగ్గొట్టిన నిద్రను ఒళ్లు వసూలు చేసుకుంది, అంతే. మోడాఫినిల్ నిద్ర అవసరాన్ని తగ్గించదు, అది తెలియకుండా కప్పి ఉంచుతుంది. కానీ 100 నుంచి 400కి పాకడం, ఇంట్లో దాచడం, ఈ రెండూ అలవాటు ముదురుతోందనడానికి గుర్తులే. నిజానికి రెండు మందుల్లో నాకు ఎక్కువ భయం అల్ప్రజోలంతోనే. దానికి ఒళ్లు కొద్ది వారాల్లోనే అలవాటు పడుతుంది. రోజూ వాడి ఒక్కసారిగా మానేస్తే విపరీతమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. అందుకని దాన్ని సొంతంగా ఆపొద్దు, పెంచొద్దు, దాని మీద మద్యం అసలే వద్దు. డాక్టరు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

మధ్యాహ్నం మూడింటి మోడాఫినిల్‌ను మాత్రం రేపటి నుంచే మానేయండి. పొద్దుటిదాన్ని డాక్టరు చెప్పేదాకా 200 దాటనివ్వకండి. దాన్ని ఎలా తగ్గించి ఆపాలో డాక్టరే చెబుతారు. ఆపే రోజును గురువారంగా ఎంచుకుని, శుక్రవారం, సోమవారం సెలవు పెట్టుకుంటే మధ్యలో వారాంతం కలిసొస్తుంది. ఆ నాలుగు రోజులూ నిద్ర ముంచుకొస్తుంది, పడుకోండి. స్కూటీ, కారు ఆ వారం తీయొద్దు. కాఫీతో భర్తీ చేద్దామనిపిస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ల ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు సేపు నిలిచి ఉంటుంది. పొద్దున ఒకటి, పదకొండు లోపు ఇంకొకటి, అంతటితో సరి.

డాక్టరంటే సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లండి. రెండు మందుల స్ట్రిప్పులూ తీసుకెళ్లి, ఎన్ని మి.గ్రా., ఏ వేళకు, ఎన్నాళ్లుగా అన్నది తగ్గించకుండా చెప్పండి. తగ్గించి చెబితే డాక్టరు లెక్క తప్పుతుంది. బీపీ, ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చూడమని అడగండి. మీ నీరసానికి రక్తహీనతో థైరాయిడో తోడై ఉండొచ్చు. అదే నిజమైతే ఇన్నాళ్లూ అసలు జబ్బును వదిలేసి మెలకువ మాత్ర మింగినట్టే. ఆఫీసుకు తెలుస్తుందేమోనన్న దిగులు వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. వెంటనే అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బేమీ కట్టనక్కర్లేదు. ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఒంటి మీద దద్దుర్లతో పాటు నోట్లో పుళ్లు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, వీటిలో ఏది కనిపించినా మోడాఫినిల్ ఆపేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, 108 ఉంది.

ఇదంతా చేసినా మీ రోజు మారకపోతే మళ్లీ మాత్ర దగ్గరికే వస్తారు. పన్నెండు గంటల ఉద్యోగం, పైన పసిపిల్ల. ఆ లెక్కలో ఏడు గంటల నిద్రకు చోటే లేదు. మేనేజరుకు మందు సంగతి చెప్పనక్కర్లేదు, గంటల లెక్క చూపించండి. రెండు వారాల క్యాలెండర్ తీసి రాత్రి ఎనిమిది తర్వాతి కాల్స్ అన్నీ కూడండి. వాటిలో మీరు మాట్లాడాల్సినవి ఎన్ని, ఊరికే కూర్చున్నవి ఎన్ని అని విడదీయండి. న్యూజెర్సీలో పొద్దున 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, నవంబరులో వాళ్లు గడియారం మార్చాక 7.30. వాళ్ల మధ్యాహ్నం పెట్టుకున్న కాల్స్‌ను వాళ్ల పొద్దుటికి జరిపితే మీరు రాత్రి తొమ్మిదింటికల్లా పని ముగించి లేవొచ్చు. మెయిల్ ఇలా రాయండి: "రెండు వారాల్లో రాత్రి ఎనిమిది తర్వాత ఇన్ని గంటలు పనిచేశాను. వారానికి రెండు రాత్రులు తీసుకోగలను. మిగతావి టీమ్‌లో వంతులవారీగా వేయండి, లేదా నా షిఫ్టును మధ్యాహ్నం రెండింటికి మార్చండి." మాటల్లో అడిగితే "చూద్దాం" అంటారు, రాతలో అడిగితే జవాబు ఇవ్వాల్సి వస్తుంది. దేనికీ ఒప్పుకోకపోతే ఇంకో ప్రాజెక్టు చూసుకోండి.

మీవారికి ఈ వారంలోనే చెప్పండి. పాప పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి, స్ట్రిప్పులు ఎదుట పెట్టి చెప్పండి. "ఎనిమిది నెలలుగా ఇవి వేసుకుంటున్నా. ఆపేద్దామనుకుంటున్నా. నాకు తోడు కావాలి" అంటే చాలు. కోప్పడొచ్చు, బహుశా దాచినందుకు. ఆ కోపం చల్లారాక మూడు పనులు అప్పగించండి: డాక్టరు దగ్గరికి మీతో రావడం, నెల రోజులు రాత్రుళ్లు పాప లేస్తే తానే చూసుకోవడం, వాళ్ల అమ్మగారికి "ఆర్నెల్ల దాకా రెండో బిడ్డ మాట వద్దు" అని తానే చెప్పడం. ఆవిడకు మందుల సంగతి తెలియాలా వద్దా అన్నది మీ ఇష్టం. బిడ్డ కోసం ప్రయత్నం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మాత్రం రెండు మందులూ పూర్తిగా ఆగి నెల దాటాక డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

ఇంకొక్క మాట. ఆ స్ట్రిప్పులు ఇప్పుడు మీ హ్యాండ్‌బ్యాగులో ఉండి ఉంటాయి. మూడేళ్ల పిల్ల బ్యాగు జిప్పు ఇట్టే తీసేస్తుంది. పెద్దవాళ్లకు నిద్రపుచ్చే అల్ప్రజోలం మాత్ర అంత చిన్న ఒంటికి ప్రమాదకరం. ఈ రాత్రే వాటిని తీసి బీరువాలో పెట్టి తాళం వేయండి. మిగిలిన మోడాఫినిల్‌ను టీమ్‌లో ఎవరికీ ఇవ్వకండి.