గోల్డ్‌లో ఓల్డ్ కనబడలేదు: నెట్‌వర్క్ మానిటరింగ్‌లో రెజెక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కొత్తగా మానిటరింగ్ టీమ్‌లో చేరారు, జాబిక్స్ (నెట్‌వర్క్ పరికరాల మీద కన్నేసి ఉంచే టూల్) వాడుతున్నారు, ఒక్క స్విచ్ యాడ్ చేస్తే చాలు లూప్‌బ్యాక్‌లు, వీల్యాన్‌లు లాంటి ఉత్తుత్తి (వర్చువల్) పోర్టులు, ఎవరూ వాడని పోర్టులు అన్నీ వచ్చిపడి అలర్ట్‌లు కుప్పలు తెప్పలు అవుతున్నాయి. సీనియర్ "రెజెక్స్ రాసి ఫిల్టర్ పెట్టు" అన్నారు (రెజెక్స్ అంటే ఎలాంటి మాటలు కావాలో గుర్తులతో చెప్పే ప్యాటర్న్). మొత్తం నేర్చుకోవాలా, నెట్‌లో దొరికేవి కాపీ చేసుకోవచ్చా అని అడిగారు.

మొత్తం నేర్చుకోనక్కర్లేదు. పది గుర్తులు వస్తే రోజువారీ పని నడిచిపోతుంది. కానీ వాటికంటే ముందు ఒకటి తెలియాలి: మానిటరింగ్‌లో రెజెక్స్ తప్పుగా రాస్తే చాలాసార్లు ఎర్రర్ రాదు. మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు రాస్తే ఏదో ఒకటి ఆగిపోయి ఎర్రగా మెసేజ్ వస్తుంది, మనం వెతుక్కుంటాం. ఇక్కడ డాష్‌బోర్డ్ పచ్చగానే ఉంటుంది, ఎందుకంటే మీరు చూడటం మానేసిన పోర్ట్ గురించి అది మీకు ఏమీ చెప్పదు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీ నెట్‌వర్క్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి, జాబిక్స్ 5.0 ఉండేది. తీసేసిన సర్క్యూట్ల పోర్టులకి డిస్క్రిప్షన్ మొదట్లో పెద్ద అక్షరాల్లో ఓల్డ్ అని రాసి పెట్టేవాళ్లు (ప్యాటర్న్‌ల లోపలి పదాలు చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను, టూల్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే టైప్ చేయండి). అవి డౌన్ అని రోజూ అలర్ట్‌లు. విసుగొచ్చి డిస్కవరీ (స్విచ్‌లో ఏ పోర్టులున్నాయో జాబిక్స్ తనే వెతుక్కునే పని) ఫిల్టర్‌లో "డిస్క్రిప్షన్‌లో ఇది ఉంటే తీసుకోవద్దు" అనే చోట ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలు మాత్రం రాశాను. చుట్టూ ఏ గుర్తూ లేదు. అలర్ట్‌లు తగ్గాయి, అందరూ సంతోషించారు.

ఆ కంపెనీలో ఎక్కువ డబ్బు కట్టే కస్టమర్ల పోర్టులకి డిస్క్రిప్షన్ ఏమని ఉండేదో తెలుసా? గోల్డ్. స్పెల్లింగ్ రాసి చూడండి, మొదటి అక్షరం పక్కన పెడితే మిగిలేది ఓల్డే. మేం అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన పోర్టులన్నీ ఆ ఒక్క మాటతో ఫిల్టర్‌లో పడిపోయాయి.

ఇంకా దారుణం ఏంటంటే, అది ఆ రోజే బయటపడలేదు. డిస్కవరీలో ఒక పోర్ట్ కనిపించకుండా పోతే జాబిక్స్ దాని ఐటమ్స్‌ని (ఆ పోర్ట్ నుంచి తీసుకునే కొలతల్ని) వెంటనే తీసేయదు. మేం వాడిన వెర్షన్‌లో డిఫాల్ట్‌గా 30 రోజులు ఉంచుతుంది, అప్పటిదాకా డేటా వస్తూనే ఉంటుంది, అలర్ట్ కూడా వస్తుంది. కాబట్టి నెల రోజులు అంతా బాగానే ఉంది. ఆ తర్వాత చప్పుడు చేయకుండా ఐటమ్స్, ట్రిగ్గర్లు (ఎప్పుడు అలర్ట్ ఇవ్వాలో చెప్పే షరతులు) డిలీట్ అయిపోయాయి. కొన్ని రోజులకి ఒక రాత్రి గోల్డ్ లింక్ ఒకటి పడిపోయింది, కస్టమర్ ఫోన్ చేసేదాకా మాలో ఎవరికీ తెలియలేదు. నెల కిందట ముట్టుకున్న ఫిల్టర్‌కీ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? తెల్లారేదాకా వెతికాం. ఆ ప్యాటర్న్ నేనే రాశానని తెలిసినప్పుడు పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది, ఆ కస్టమర్ ఒక ఆసుపత్రి.

సరే, అసలు ఎలా రాయాల్సింది? జాబిక్స్ ఫిల్టర్‌లో ప్యాటర్న్ అనేది మాటలో ఎక్కడైనా దొరికితే చాలు, సరిపోయిందనుకుంటుంది. "మొదట్లోనే ఉండాలి" అని చెప్పాలంటే ముందు ^ పెట్టాలి, "ఇక్కడితో అయిపోవాలి" అనాలంటే చివర $ పెట్టాలి. నేను ^ఓల్డ్- అని రాసి ఉంటే గోల్డ్ జోలికి వెళ్లేది కాదు. పదం హద్దు చెప్పడానికి బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న బి పెట్టే పద్ధతి కూడా ఉంది, కానీ అందులో ఒక మెలిక: అండర్‌స్కోర్‌ని రెజెక్స్ అక్షరంగానే లెక్కవేస్తుంది. ఓల్డ్_పోర్ట్ అని రాసి ఉంటే ఓల్డ్ తర్వాత హద్దు ఉందనుకోదు, ప్యాటర్న్ పట్టదు. మీ ఆఫీసులో డిస్క్రిప్షన్‌లు హైఫన్‌తో రాస్తారా అండర్‌స్కోర్‌తోనా అన్నది ముందే చూసుకోండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరు అన్నది కూడా మర్చిపోవద్దు.

ఇదే $ లేకపోతే వీల్యాన్ 1 వద్దనుకుని రాసింది వీల్యాన్ 10, 100, 1500 అన్నిటినీ ఊడ్చేస్తుంది.

చుక్క ఇంకో మోసం. రెజెక్స్‌లో చుక్క అంటే "ఏదైనా ఒక అక్షరం". 10.1.1.1 అని ఐపీ అడ్రస్ అలాగే రాస్తే 10.1.1.10, 10.1.1.155 వస్తాయని చాలామంది ఊహిస్తారు. కానీ 10.141.1.5 కూడా వస్తుంది. నమ్మకపోతే ఒక్కో అక్షరం పెట్టి చూడండి: 1, 0, ఏదో ఒకటి, 1, ఏదో ఒకటి (ఇక్కడ 4), 1, ఏదో ఒకటి, 1. సరిపోయింది. ఊళ్లో ఆ చివర ఉన్న వేరే నెట్‌వర్క్ మీ ఫిల్టర్‌లోకి వచ్చి కూర్చుంటుంది. చుక్క ముందు బ్యాక్‌స్లాష్ పెడితే అది మామూలు చుక్కే అవుతుంది, ^10\.1\.1\.1$ అని రాస్తేనే ఆ ఒక్క అడ్రస్. లాగ్‌లో వాక్యం మధ్య ఐపీ వస్తుందనుకుంటే ^, $ పనికిరావు, అక్కడ ముందు వెనక ఏ గుర్తు వస్తుందో (ఖాళీ, బ్రాకెట్, కామా) చూసి అది రాయాలి.

మీ పనికి వస్తే, జాబిక్స్ రెడీమేడ్ నెట్‌వర్క్ టెంప్లేట్లలో ఇంటర్‌ఫేస్ పేరుకీ డిస్క్రిప్షన్‌కీ "సరిపోవాలి", "సరిపోకూడదు" అని జతలు జతలుగా మ్యాక్రోలు (మనం విలువ మార్చుకోగల పేర్లు) ఉంటాయి. లూప్‌బ్యాక్, నల్ లాంటి పేర్లని తీసేసే ప్యాటర్న్ అందులో ముందే రాసి ఉంటుంది, కాబట్టి మీ స్విచ్‌లకి ఆ టెంప్లేట్ తగిలించారా లేదా అన్నది మొదట చూడండి, సగం గోల అక్కడే తగ్గొచ్చు. డిస్క్రిప్షన్ "సరిపోకూడదు" దాంట్లో "అవసరమైతే మార్చుకోండి" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట ఒకటి ఉంటుంది. చెత్త అనుకుని దాన్ని ఖాళీ చేయొద్దు. ఖాళీ ప్యాటర్న్ రెజెక్స్ లెక్క ప్రకారం ప్రతి మాటకీ సరిపోతుంది. ఏ పోర్ట్‌కీ సరిపోని మాట కావాలనే అక్కడ పెట్టారు.

మార్చేటప్పుడు టెంప్లేట్‌లో కాదు, ఒక్క స్విచ్‌లో, హోస్ట్ మ్యాక్రోగా మార్చండి. డిస్కవరీ రూల్‌ని వెంటనే రన్ చేసే బటన్ ఉంటుంది, అది నొక్కి, ఐటమ్స్ లిస్ట్‌లో "ఇక దొరకడం లేదు, ఫలానా రోజు డిలీట్ అవుతుంది" అనే గుర్తు వేటికి పడిందో ఒక్కొక్కటి చదవండి. మనం తీసేయాలనుకున్నవి పోయాయా అని అందరూ చూస్తారు. ఉండాల్సినవి ఉన్నాయా అని చూసేవాళ్లు తక్కువ. నేను ఇప్పుడు ఉండాల్సిన పోర్టుల పేర్లు ఒక ఫైల్‌లో రాసి పెట్టుకుని, ప్యాటర్న్ మార్చిన ప్రతిసారీ ఆ ఫైల్ మీద నడిపి చూస్తాను. ఒక్క పేరు తగిలినా ఆ ప్యాటర్న్ సర్వర్‌లోకి వెళ్లదు.

ఫిల్టర్లే కాదు, వచ్చిన వాక్యంలోంచి అంకె లాగడానికి కూడా రెజెక్స్ వాడతాం. ఒక పరికరం "సెన్సార్ 2: 43 డిగ్రీలు" అని మొత్తం వాక్యం పంపేది. మా టీమ్‌లో ఒకరు ప్రీప్రాసెసింగ్‌లో (డేటా దాచేముందు దాన్ని మార్చే చోట) ([0-9]+) అని, అంటే వరసగా ఉన్న అంకెలు, అవుట్‌పుట్ \1 అని, అంటే బ్రాకెట్‌లో దొరికింది ఇవ్వు అని పెట్టారు. రెజెక్స్ ఎడమ నుంచి మొదట దొరికినదాన్నే తీసుకుంటుంది కదా, గ్రాఫ్‌లో టెంపరేచర్ ఎప్పుడూ 2 డిగ్రీలే. 60 దాటితే అలర్ట్ అని ట్రిగ్గర్ ఉంది, అది జన్మలో మోగదు. : ([0-9]+) అని కోలన్, ఖాళీ కలిపి రాస్తే 43 వచ్చింది. గ్రాఫ్ అసలు కదలకుండా గీత గీసినట్టు ఉంటే ముందు ప్యాటర్న్‌నే అనుమానించండి.

రేపు ప్రొమీథియస్‌కి (ఇంకో మానిటరింగ్ టూల్) మారితే అక్కడ పద్ధతి తిరగబడుతుంది. లేబుల్‌కి (డేటాకి తగిలించే పేరు) =~ పెట్టి రాసే ప్యాటర్న్‌కి మొదట్లో ^, చివర $ ఉన్నట్టే అది అనుకుంటుంది. జాబిక్స్‌లో పనిచేసిన పొట్టి ప్యాటర్న్ అక్కడ వేస్తే ఏమీ రాదు, ముందూ వెనకా .* (ఏ అక్షరాలైనా, ఎన్నైనా) పెట్టుకోవాలి. పైగా అది వాడేది ఆర్ఈ2 పద్ధతి రెజెక్స్, "దీని తర్వాత ఫలానాది ఉండకూడదు" అనే లుక్‌అహెడ్ అందులో లేదు. జాబిక్స్ 3.4 నుంచి పీసీఆర్ఈ అనే ఇంకో రకం రెజెక్స్ వాడుతుంది కాబట్టి దీంట్లో ఉంది. అయినా నా మాట వింటే లుక్‌అహెడ్‌తో "వద్దు" చెప్పకండి, "సరిపోకూడదు" అనే ఆప్షన్ ఉండగా ఆ తలనొప్పి ఎందుకు, ఆర్నెల్ల తర్వాత చదివేవాళ్లకి అర్థం కాదు.

.* గురించి కూడా ఒక మాట. ఒకే ప్యాటర్న్‌లో వాటిని వరసగా పెడితే, మాట సరిపోనప్పుడు ఇంజిన్ వెనక్కీ ముందుకీ అన్ని రకాలుగా ప్రయత్నిస్తూ సీపీయూ తినేస్తుంది. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్‌లో (ఎన్నో వెబ్‌సైట్లకి ముందు నిలబడి నడిపించే కంపెనీ) ఫైర్‌వాల్ రూల్‌లో పెట్టిన ఒక్క రెజెక్స్ ఇలాగే సీపీయూని 100 శాతానికి తీసుకెళ్లి, దాదాపు 27 నిమిషాలు ప్రపంచమంతా దాని మీద నడిచే సైట్లు తెరుచుకోలేదు. మీ లాగ్ ఫైల్‌లో నిమిషానికి వేల లైన్లు వస్తుంటే ఇది చిన్న విషయం కాదు. .* బదులు అక్కడ నిజంగా ఏం వస్తుందో అది రాయండి: అంకెలైతే [0-9]+, కామా దాకా అయితే [^,]+ (బ్రాకెట్ లోపల ^ అంటే "ఇది కానిది").

ఇక కాపీ సంగతి. చేయొచ్చు, నేనూ చేస్తాను. కాకపోతే నెట్‌లో దొరికిన ప్యాటర్న్‌ని అక్కడే ఆన్‌లైన్ టెస్టర్‌లో పరీక్షించడానికి మీ స్విచ్ పేర్లు, కస్టమర్ పేర్లు, లోపలి ఐపీలు తీసుకెళ్లి పేస్ట్ చేయకండి. జాబిక్స్‌లో గ్లోబల్ రెజెక్స్ రాసే చోటే టెస్ట్ ట్యాబ్ ఉంది. లేదా ఇంటర్‌ఫేస్ పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో వేసుకుని మీ లినక్స్ మెషిన్‌లో గ్రెప్‌కి (ఫైల్‌లో ప్యాటర్న్ వెతికే కమాండ్) పెద్ద పి ఆప్షన్ ఇచ్చి నడపండి, అది కూడా పీసీఆర్ఈనే, రిజల్ట్ ఒకేలా ఉంటుంది. మీ డిస్క్రిప్షన్‌లు ఏ పద్ధతిలో రాస్తారో (పేర్లు మార్చేసి) రెండు మూడు ఇక్కడ పెడితే ప్యాటర్న్ కలిసి రాద్దాం.