వాసన రావట్లేదంటే మాస్క్ పనిచేస్తున్నట్టేనా?

బల్క్ డ్రగ్ ప్లాంట్‌లో హాఫ్ మాస్క్ (ముక్కు, నోరు మాత్రమే కప్పేది) ఇచ్చారు, పెట్టుకుంటే వాసన రావట్లేదు, అంటే సేఫేనా అని అడిగావు. కాదు తమ్ముడూ. నేను జీడిమెట్లలో ఒక యూనిట్‌లో రెండేళ్లు ఇదే నమ్మకంతో రియాక్టర్‌లోకి సాల్వెంట్ (కరిగించే ద్రవం) ఛార్జ్ చేశాను, మాస్క్ చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నారు అంతే, సైజు కూడా చూడలేదు.

వేరే కంపెనీకి మారాక ఫిట్ టెస్ట్ చేశారు, అంటే మాస్క్ ముఖానికి సందు లేకుండా అతుక్కుందో లేదో చూసే పరీక్ష. మాస్క్‌కి సన్న ట్యూబ్ తగిలించి, బయట గాలిలో కణాలెన్ని, మాస్క్ లోపల ఎన్ని అని పోర్టాకౌంట్ మెషీన్ లెక్కపెడుతుంది, బయటి లెక్కని లోపలి లెక్కతో భాగిస్తే వచ్చేదే ఫిట్ ఫ్యాక్టర్. ఆవిర్లని ఆపే కార్ట్రిడ్జ్ తీసి, కణాల్ని ఆపే పీ100 ఫిల్టర్ పెడతారు, దాంట్లోంచి దాదాపు ఏమీ రాదు కాబట్టి లోపల కనిపించిందంతా అంచుల్లోంచి దూరిందే అన్నమాట. హాఫ్ మాస్క్‌కి కనీసం 100, ఫుల్ ఫేస్‌కి 500 రావాలి. కదలకుండా ఊపిరి తీసుకుంటుంటే నాకు 900 దాటింది, హమ్మయ్య అనుకున్నా. తల అటూ ఇటూ తిప్పమన్నారు, పైకి చదవమన్నారు, తర్వాత నడుం వంచమన్నారు, వంగగానే ముక్కు పక్కన చల్లగా గాలి తగిలింది, స్క్రీన్ మీద 40. డ్రమ్ము దగ్గర మనం రోజంతా చేసేది వంగడమే కదా! ఆ రెండేళ్లు ఎంత పీల్చానో అని కడుపులో దేవినట్టయింది. మీడియం తీసేసి స్మాల్ ఇచ్చారు, వంగినా 100 కిందకి దిగలేదు.

అలాగని 100 వచ్చింది కదా, బయట గాలిలో రసాయనం అనుమతించిన పరిమితికి 100 రెట్లున్నా పర్లేదు అనుకోకు. టెస్ట్ కాసేపే, చెమటకి మాస్క్ జారుతూ ఎనిమిది గంటలు చేసే షిఫ్ట్ వేరు, అందుకే అమెరికాలో ఓషా (పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్లు హాఫ్ మాస్క్‌కి 10 రెట్లే లెక్క కడతారు.

ఇక వాసన సంగతి. ఎండీసీ (మిథిలీన్ క్లోరైడ్ అనే సాల్వెంట్) వాసన ముక్కుకి తెలిసేసరికే ఓషా పెట్టిన 25 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి 25) పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, పైగా కార్ట్రిడ్జ్ దాన్ని ఎక్కువసేపు ఆపలేదు, దానికి బయటినుంచి గాలి ఇచ్చే ఎయిర్‌లైన్ మాస్కే కావాలి.

మీ సేఫ్టీ ఆఫీసర్‌ని అడుగు, మెషీన్ లేకపోతే బిట్రెక్స్ అనే చేదు మందు స్ప్రేతో అయినా చేయమను, తల మీద హుడ్ వేసి కొడతారు, నాలుకకి చేదు తగిలితే ఫెయిల్. వెళ్లేముందు గడ్డం మాత్రం నున్నగా గీసుకో, సీల్ కింద వెంట్రుకలుంటే అసలు టెస్టే చేయకూడదు.