పిల్ల చేత ఆడించిన అబద్ధం

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇయర్ 11, ఈ వేసవిలో జీసీఎస్ఈ పరీక్షలు (మన పదో తరగతి పరీక్షల్లాంటివి). మూడు సైన్సులూ కలిపి రెండు గ్రేడ్లు ఇచ్చే కంబైన్డ్ సైన్స్‌లో మాక్ (నమూనా) పరీక్ష హయ్యర్ టియర్‌లో, అంటే కష్టమైన పేపరు, రాస్తే 4-3 వచ్చింది (పెద్ద గ్రేడు 9, పాస్ అంటే 4). టీచరేమో తేలికైన ఫౌండేషన్ టియర్‌కి మార్చుకోమంటున్నారు. మావారు ససేమిరా అంటున్నారు. హయ్యర్‌లో తక్కువ మార్కులకే 4 వస్తుందని ఆయన వాదన. పోనీ బయాలజీ ఒక్కటైనా హయ్యర్‌లో ఉంచమని అడగాలా? నాన్న పోయాక మా అక్క మెడలో గొలుసు తాకట్టు పెట్టి నన్ను బీటెక్ చదివించింది. అక్క కూతురు ఇప్పుడు విజయవాడలో ఎంబీబీఎస్. ఫౌండేషన్ అని అక్కకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? మొన్న అక్కతో వీడియో కాల్‌లో ట్రిపుల్ సైన్స్ (మూడు సైన్సులూ విడివిడిగా) చదువుతున్నానని అమ్మాయి చేత చెప్పించాను. అప్పట్నుంచి అది నాతో మాట్లాడటం లేదు. ఏ టియర్ ఎంచుకోవాలో చెప్పండి.

జవాబు: ఫౌండేషన్. మీరడిగిన ప్రశ్నకి ఇంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు. కానీ కారణం చెప్పకపోతే మీవారు ఊరుకోరు కాబట్టి చెబుతాను.

బయాలజీ ఒక్కటీ హయ్యర్‌లో ఉంచడం కంబైన్డ్‌లో కుదరదు. 6 పేపర్లూ ఒకే టియర్‌లో రాయాలి. సబ్జెక్టుకో టియర్ ఎంచుకునే వీలు మూడు సైన్సులూ విడివిడిగా చదివేవాళ్లకే. ఫౌండేషన్‌లో 5-5 దాటి రాదు, నిజమే. హయ్యర్‌లో 4-4 కింద 4-3 అని ఒక సన్నటి గట్టు ఉంది. మీ అమ్మాయి ఇప్పుడు సరిగ్గా ఆ గట్టు మీద నిలబడి ఉంది. అక్కణ్నుంచి కాలు జారితే కింద 'యు', అంటే గ్రేడే రాకపోవడం, తప్ప ఇంకేమీ లేదు. కంబైన్డ్ అంటే రెండు జీసీఎస్ఈలతో సమానం, పోతే రెండూ పోతాయి. ఇక సర్టిఫికెట్ మీద ఏ టియర్‌లో రాశారో వేయరు. ఫౌండేషన్‌లో తెచ్చుకున్న 5, హయ్యర్‌లో తెచ్చుకున్న 5 కాగితం మీద ఒకటే.

మీవారు చెప్పే తక్కువ మార్కుల లెక్క తప్పు కాదు. కానీ ఆ తక్కువ మార్కులు తెచ్చుకోవడానికి, సగానికి పైగా అర్థం కాని పేపరు ముందు పిల్ల ఒక్కో పేపరుకీ గంటకి పైగా చొప్పున ఆరుసార్లు కూర్చోవాలి. ఒక ఆదివారం పాత పేపర్లు రెండు టియర్లవీ తెచ్చి, ఆయన పక్కన కూర్చోబెట్టుకుని పిల్ల చేత రాయించమనండి. ఆయన సంగతి నాకంత బెంగ లేదు, లెక్కల మనిషి లెక్క చూస్తే దిగొస్తాడు. ఒక్క మాట మాత్రం పిల్లనే అడగండి: జీసీఎస్ఈ తర్వాత 'ఎ-లెవెల్స్'లో (మన ఇంటర్ లాంటివి) సైన్స్ తీసుకోవాలని ఉందా అని. ఉంటే 5-5 చాలా చోట్ల చాలదు, అప్పుడు టీచరుతో మళ్లీ మాట్లాడాలి. ఎంట్రీలు (పరీక్షకి పేర్లు) ఫిబ్రవరిలో పంపినా టియర్ మార్చుకోవడానికి ఆ తర్వాత కొంత గడువు ఉంటుంది. తేదీ స్కూలు వాళ్లే చెబుతారు.

ఇక అసలు సంగతి. పైన అచ్చయింది మీ ఉత్తరంలో కొంతే. మొత్తం ఆరు పేజీల్లో 'అక్క' అన్న మాట ఇరవైమూడు సార్లు ఉంది, పెన్సిల్ పెట్టి గుర్తు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. పిల్ల నోటి మాట ఒకే ఒక్కటి. "ఫౌండేషన్ పేపర్లో ప్రశ్నలు నాకు అర్థమవుతున్నాయమ్మా" అందట. దాని పక్కనే మీరు రాశారు: "పిచ్చిది, దానికేం తెలుసు." ఇంత గొడవలో తెలిసి మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే.

మీ అక్కగారు ఏమన్నారో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా "పిల్ల సరిగ్గా తింటోందా, అక్కడ చలి ఎలా ఉంది" అని అడుగుతారట. మార్కులు అడిగినట్టు ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. అడగని మనిషికి మీరు లెక్క అప్పజెబుతున్నారు, అదీ దొంగ లెక్క.

అక్క చేసింది చిన్న సాయమని నేననను. ఆ గొలుసు లేకపోతే మీకు బీటెక్ లేదు, రెడింగ్ లేదు. ఆ రుణం తీర్చుకోవాల్సిందే, ఈ విషయంలో నేను పాతకాలం మనిషినే. కానీ ఆమె పెట్టింది బంగారం, మీరు తీర్చాలని చూస్తున్నది పిల్ల గ్రేడ్లతో. తాకట్టు పెట్టినప్పుడు ఈ పిల్ల పుట్టనైనా లేదు. దాని పేరున ఈ బాకీ ఎప్పుడు రాశారు?

నాకు ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పింది. ఊరి నుంచి మేనత్త వస్తే ఫస్ట్ క్లాస్ వచ్చిందని చెప్పమంది మా అమ్మ. చెప్పాను. అత్త మురిసిపోయి చేతిలో వంద రూపాయలు పెట్టింది. ఖర్చు పెట్టలేక పుస్తకంలో దాచి, చివరికి సప్లిమెంటరీ ఫీజు ఆ నోటుతోనే కట్టాను. పరీక్ష తప్పిన సంగతి రెండేళ్లలో మరిచిపోయాను. ఆ నోటుని మాత్రం మరిచిపోలేదు, అమ్మ మీద కోపాన్నీ మరిచిపోలేదు. మీ అమ్మాయి మాట్లాడకపోవడం టియర్ గురించి కాదు.

కాబట్టి పిల్ల స్కూల్లో ఉన్నప్పుడు మీరే అక్కకి ఫోన్ చేయండి. వీడియో వద్దు, మామూలు కాలే చాలు. "మొన్న దాని చేత నేనే అబద్ధం చెప్పించానక్కా" అనే మాటతో మొదలుపెట్టండి. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే, పెద్దమ్మకి నిజం చెప్పేశానని చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకోండి. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే లోకువైపోతామని మన ఇళ్లలో ఓ భయం ఉంది. లోకువైతే కానివ్వండి. అది వెంటనే కరిగిపోయి మాట్లాడేస్తుందని ఆశపడకండి. అన్నం పెట్టి ఊరుకోండి.

ఇంకొకటి. మీరిద్దరూ సంపాదిస్తున్నారు. ఆరు పేజీల్లో ఆ గొలుసు తాకట్టు పెట్టిన సంగతి మూడుసార్లు వచ్చింది, విడిపించిన సంగతి ఒక్కసారీ రాలేదు. అక్కే విడిపించుకున్నారో, వేలంలోనే పోయిందో. ఏదైనా దాని తూకమెంతో ఆవిడకి గుర్తుండే ఉంటుంది. ఆ ఫోన్‌లోనే అడగండి.