దొంగ ఇంట్లోకి వస్తే ఏ పుస్తకం చెప్పినట్టు నడుచుకోవాలి?

ప్రశ్న: మాది అనంతపురం శివార్లలో, పొలం మధ్య కట్టుకున్న ఇల్లు. నిరుడు రెండుసార్లు రాత్రిపూట దొంగలు ప్రహరీ దూకి లోపలికి వచ్చారు. టెక్సాస్‌లో ఉంటున్న మా అబ్బాయి రెండు పుస్తకాలు పంపాడు. ఒకటి మాజీ సైనికుడొకరు గృహరక్షణ గురించి రాసినది, రెండవది అమెరికా సైన్యపు ఫీల్డ్ మాన్యువల్ నకలు. పౌర రక్షణ కరపత్రం కూడా నా దగ్గర ఉంది. ఈ మూడింటిలో దేన్ని అనుసరిస్తే చట్టరీత్యా చిక్కు ఉండదు? ప్రహరీ మీద కరెంటు తీగ లాగవచ్చా? అసలు ఇలాంటి పుస్తకాలు ఇంట్లో ఉంచుకోవచ్చా?

జవాబు: పుస్తకాన్ని ఉంచుకోవడం, చదవడం నేరం కాదు. అందులో ఉన్నది చేతల్లోకి దిగినప్పుడే చిక్కు మొదలవుతుంది. మాన్యువల్‌లో చదివి ఎవరైనా పేలుడు పదార్థం తయారుచేస్తే 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం వర్తిస్తుంది, ఇంటి రక్షణకే చేశానన్న జవాబు అక్కడ పనికిరాదు. నాటుబాంబు కేసుల సంగతి సీమలో ఉన్న మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

గృహరక్షణ పుస్తకం విషయానికి వస్తే, అది ఏ చట్టం నీడలో రాయబడిందో ముందు గమనించాలి. అక్రమంగా, బలప్రయోగంతో ఇంట్లోకి చొరబడిన వాడిపై ఇంటివారు బలం ప్రయోగిస్తే అది సమంజసమేనని టెక్సాస్ చట్టం 2007 సవరణ తరువాత ముందుగానే భావిస్తుంది. రాత్రివేళ దొంగతనాన్ని ఆపడానికి, సొత్తుతో పారిపోతున్న వాణ్ణి అడ్డుకోవడానికి సైతం, మరో మార్గం లేనప్పుడు, ప్రాణాంతకమైన బలాన్ని కొన్ని షరతులతో అనుమతిస్తుంది. అలాంటి చోట కూర్చుని రాసిన రచయిత "వాడు గడప దాటగానే" అని మొదలుపెట్టి తుపాకి గురి దాకా పాఠం చెప్పుకుపోవడంలో ఆశ్చర్యం లేదు. అమెరికాలోనే రాష్ట్రానికొక చట్టం కాబట్టి, మీ అబ్బాయి రేపు న్యూజెర్సీకి మారితే ఆ పాఠాన్ని అక్కడ కూడా అలాగే నమ్ముకోవడానికి వీలుండదు.

మన దేశంలో 2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆత్మరక్షణ హక్కును దానిలోని 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు వివరిస్తాయి. శరీరాన్నే కాదు, ఆస్తినీ కాపాడుకునే హక్కు మీకుంది. అయితే 37వ సెక్షన్ దానికి రెండు కళ్ళేలు వేసింది: పోలీసుల సాయం కోరే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు లేదు, ఉన్నప్పుడు కూడా రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయకూడదు. ఆస్తి రక్షణలో ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్ళే హక్కు 41వ సెక్షన్ ప్రకారం కొన్ని సందర్భాలకే పరిమితం. అవి దోపిడీ, సూర్యాస్తమయం తరువాత సూర్యోదయానికి ముందు కన్నం వేయడం, నివాసానికి గానీ సొత్తు దాచుకునే కట్టడానికి గానీ నిప్పు పెట్టడం లేదా పేలుడు పదార్థంతో ధ్వంసం చేయడం, ఇక మరణమో తీవ్ర గాయమో తప్పదని సహేతుకంగా భయపడవలసిన పరిస్థితిలో జరిగే దొంగతనం, ధ్వంసం, ఇంట్లోకి చొరబాటు. వీటికి కూడా 37వ సెక్షన్ కళ్ళేలు అలాగే ఉంటాయి.

మీ ఇంటికే అన్వయించి చూద్దాం. రాత్రి రెండు గంటలకు గోడ దూకి, తలుపు గడియ పగలగొట్టి, కత్తితో పడకగదిలోకి వచ్చిన వాణ్ణి మీరు రోకలితో కొడితే, దెబ్బ గట్టిగా తగిలినా చట్టం చాలావరకు మీ వైపే నిలుస్తుంది. అదే మనిషి పొలంలోని మోటారు స్టార్టరును విప్పుకుని, మిమ్మల్ని చూసి పరుగు తీస్తున్నాడనుకోండి. వెంటపడి సొత్తు లాక్కోవచ్చు, ఆ పెనుగులాటలో అవసరమైన బలం వాడవచ్చు. కానీ వస్తువు చేతికి వచ్చాక, వాడు కింద పడిపోయాక కొట్టే దెబ్బ రక్షణ కిందికి రాదు. ఈ రెండవ సందర్భంలోనే టెక్సాస్ పుస్తకం మిమ్మల్ని జైలుకు పంపగలదు. హద్దు మీరి ప్రాణం తీసినా, సద్భావంతో, ముందస్తు పథకం లేకుండా, అవసరానికి మించి హాని చేసే ఉద్దేశం లేకుండా జరిగితే అది హత్యగా కాక, దానికంటే తక్కువదైన 'హత్య కాని నేరపూరిత నరహత్య'గా తగ్గుతుంది. అయినా శిక్ష తప్పదు.

దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ హక్కు సూత్రాలను వరుసగా చెప్పింది. ఆపదలో ఉన్నవాడు తన దెబ్బను బంగారం తూచే త్రాసులో తూచినట్టు తూచలేడని, భయం సహేతుకమైతే చాలునని, పిరికివాడిలా పారిపోవలసిన పని లేదని కోర్టులు అంగీకరిస్తూనే వచ్చాయి. నిరూపణ భారం మాత్రం మీదే. ప్రాసిక్యూషన్ మాదిరిగా సందేహాతీతంగా రుజువు చేయనక్కరలేదు, మీ కథనమే ఎక్కువ సంభావ్యమని చూపితే సరిపోతుంది.

కరెంటు తీగకు నా సమాధానం ఒక్కటే, వద్దు. చెరూబిన్ గ్రెగరీ అనే వ్యక్తి తన మరుగుదొడ్డిని పొరుగువారు వాడకుండా దారిలో కరెంటు పారే తీగ పెట్టగా ఒక మహిళ మరణించింది. ఆమె అనుమతి లేకుండా వచ్చిందన్న వాదనను సుప్రీంకోర్టు 1963లో తోసిపుచ్చి శిక్షను నిలబెట్టింది. అమెరికాలో సైతం, అయోవా రాష్ట్రంలో పాడుబడిన ఇంట్లో తలుపు తీస్తే పేలేలా తుపాకి అమర్చిన యజమానులు, కాలికి గాయమైన దొంగకు 30,000 డాలర్లు చెల్లించాలన్న జ్యూరీ తీర్పును 1971లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించింది. ఆపదను మనిషి చూసి అంచనా వేయాలి, తీగకు ఆ తెలివి లేదు. దొంగకూ పాలు పోసే అబ్బాయికీ అది తేడా చూడదు. అడవిపందుల కోసం చేలకు తీగలు లాగి మనుషులు పోయిన కేసులు మన జిల్లాల్లోనే ఉన్నాయి. మీ ఫీల్డ్ మాన్యువల్‌లో కాలికి తగిలే ఉచ్చుల గురించి రాసినదంతా యుద్ధభూమికి ఉద్దేశించినదే.

ఆయుధాల మాటకొస్తే, లైసెన్సు లేని నాటు తుపాకి ఇంట్లో దొరికితే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత మామూలుగా రెండేళ్ళకు తక్కువ కాని, ఐదేళ్ళ దాకా జైలు. కొడవలి, గడ్డపార వంటి సేద్యపు పనిముట్లకు ఆ బెడద లేదు.

పౌర రక్షణ కరపత్రం 1968 నాటి పౌర రక్షణ చట్టం కింద నడిచే వ్యవస్థది. 2025 మే 7న 244 జిల్లాల్లో, మన దగ్గర హైదరాబాద్, విశాఖపట్నాల్లో కూడా, నిర్వహించిన మాక్ డ్రిల్‌లో ఇలాంటి విషయాలనే అభ్యాసం చేయించారు: సైరన్, దీపాలార్పు, జనాన్ని తరలించడం. ఇది దొంగ గురించి ఏమీ చెప్పదు. కానీ మంట ఆర్పడం, ప్రథమ చికిత్స వంటి పాఠాలను పూర్తిగా ఆచరించినా మీ మీద కేసు రాదు.

గృహరక్షణ పుస్తకంలో మీకు పనికొచ్చే అధ్యాయాలు లేకపోలేదు. బలమైన తలుపు, లోపలి గడియ ఉన్న ఒక గదిని ఎంచుకుని కుటుంబమంతా అందులోకి చేరడం, బయటి దీపాలు వెలిగించడం, చీకట్లో వెతుక్కుంటూ వెళ్ళకుండా గట్టిగా హెచ్చరించడం, 112కు ఫోన్ చేసి లైన్‌లోనే ఉండడం వంటివి మన చట్టానికి చక్కగా అతుకుతాయి. ఆ ఫోన్ పిలుపు సమయమే రేపు కోర్టులో మీరు పోలీసు సాయం కోరారనడానికి సాక్ష్యం. తుపాకి అధ్యాయాలను మూసి పక్కన పెట్టండి.

దొంగ చేతికి చిక్కితే స్తంభానికి కట్టేసి ఊరంతా తలా ఒక దెబ్బ వేయడం మన దగ్గర మామూలైపోయింది. నా అనుభవంలో నిరపరాధులు ముద్దాయిలుగా మారేది ఎక్కువగా ఇక్కడే. మీ కళ్ళ ముందు నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల) నేరం చేసిన వాణ్ణి మీరు పట్టుకోవచ్చు, అయితే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం అనవసర జాప్యం లేకుండా, ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలి. ఘటన జరిగిన చోటును కడగకండి, గాయపడినవాడు దొంగైనా అంబులెన్సు పిలవండి, సీసీ కెమెరా రికార్డును చెరపకుండా అలాగే అందజేయండి.

నిరుడు జరిగిన రెండు ఘటనల మీద ఫిర్యాదు ఇచ్చారో లేదో మీ లేఖలో లేదు. ఇవ్వకపోతే తేదీలతో సహా ఇప్పుడైనా ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు మళ్ళీ ఏదైనా జరిగితే, మీ భయం ఊహ కాదని చెప్పే మొదటి కాగితం అదే అవుతుంది.