డిశ్చార్జ్ అన్న మాట దగ్గర కాసేపు ఆగు

అమ్మలూ,

ఆసుపత్రి కాగితాలు తెలుగులోకి మార్చే పనికి ఒప్పుకున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత పొంగిపోయానో! మన ఇంట్లో నా తర్వాత ఈ పని పట్టుకున్నది నువ్వే. కానీ రాత్రంతా నిద్ర లేదు. కథలో వ్యాసాలో అయితే నాకింత టెన్షన్ ఉండేది కాదు.

పేజీకి ఎంతిస్తారో ముందే రాయించుకో. గడువు రెండు రోజులు ఎక్కువే అడుగు. పంపిన ప్రతి కాగితానికీ కాపీ దాచుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక ఆసుపత్రి వాళ్లు, ఆపరేషన్ చేయించుకున్న వాళ్లకిచ్చే సూచనల కాగితం నా చేతికిచ్చారు. డిశ్చార్జ్ ఉంటే వెంటనే తెలపాలని అందులో చివరి వాక్యం. మిగతా కష్టమైన మాటలన్నిటికీ నిఘంటువు తిరగేశాను. దీనికి మాత్రం తియ్యలేదు. డిశ్చార్జ్ అంటే తెలియనిదెవరికి? ‘డిశ్చార్జ్ అయిన వెంటనే తెలియజేయండి’ అని రాసిచ్చేశాను.

నెల తర్వాత ఇంకో పని మీద అక్కడికి వెళ్లాను. వార్డు బయట ఒకావిడ నర్సుతో మాట్లాడుతోంది. ఆవిడ మామగారికి హెర్నియా ఆపరేషన్ అయింది. ఇంటికెళ్లిన మూడో రోజు నుంచి కుట్ల దగ్గర రసి కారుతోందట. మానే ముందు అంతేలే అనుకున్నారట. ఆరో రోజుకి చీము పట్టి జ్వరం వచ్చింది, కుట్లు విప్పాల్సి వచ్చింది. “కాగితంలో రాసిచ్చాం కదమ్మా!” అని నర్సు కోప్పడితే, ఆవిడ మాత్రల కవర్లోంచి నా కాగితం తీసింది. “రాసినట్టే చేశామండీ. డిశ్చార్జ్ అయ్యామని కౌంటర్లో చెప్పే వెళ్లాం” అంది.

ఇంగ్లీషు కాగితంలో డిశ్చార్జ్ అన్నది కుట్ల దగ్గర కారే ఆ రసినే. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. రాసింది నేనేనని చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆ పెద్దాయన కోలుకుని ఇంటికెళ్లాడు. ఆవిడ కాగితం మడతలు విప్పిన తీరు మాత్రం నా కళ్లలోంచి పోలేదు.

చూడమ్మా, ఆ మాటకి మూలంలో ఉన్న అర్థం బండి మీది బరువు దించడం. అక్కడి నుంచే ఇంగ్లీషులో నానా దారులూ పట్టింది. తుపాకీ పేలినా, అప్పు తీరినా, బ్యాటరీ అయిపోయినా అదే మాట. ధవళేశ్వరంలో డిశ్చార్జ్ 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అక్కడ అది బ్యారేజీ నుంచి వదిలే నీళ్లు. కోర్టులో అయితే, అభియోగానికి తగిన ఆధారం లేదని విచారణకు ముందే వదిలెయ్యడం. విచారణంతా జరిగి నిర్దోషి అని తేలడం వేరు. రెండిటినీ కలిపేశావో, చంపేస్తాను నిన్ను!

మన మాటల్లో ఎక్కువగా వాడేది మాత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే ఆ ఒక్క అర్థాన్నే. అందుకే ఆ మాట కనబడగానే చెయ్యి దానంతటదే రాసేస్తుంది.

ఇంకో సంగతి. ఒంట్లోంచి ఏది కారినా ఇంగ్లీషులో ఆ ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. మనకు చోటుకో మాట ఉంది. కంటికైతే పుసులు, చెవికైతే చీము కారడం, పుండుకైతే రసి, ఆడవాళ్లకైతే తెల్లబట్ట. తెల్లబట్ట అని రాయడానికి సిగ్గుపడి ‘స్రావం’ అని పెట్టకు తల్లీ. మా అత్తగారు ఆ బాధ ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోలేదు. కాగితంలో తన మాట కనబడి ఉంటే డాక్టరు దగ్గర నోరు విప్పేదేమో.

ఏ భాగం గురించి రాశారో కాగితంలో తేలకపోతే డాక్టరుకు ఫోన్ చెయ్యి. విసుక్కుంటారు, విసుక్కోనీ.

మొదటి కాగితం పంపే ముందు నాకు ఫోన్‌లో చదివి వినిపించు. ఇంగ్లీషు వద్దు, నువ్వు రాసిన తెలుగే చదువు. రాత్రి తొమ్మిదిన్నర దాకా మెలకువగానే ఉంటాను. వేళకి తిను.

నీ పెద్దమ్మ