విమానం కింద తడి మరక కనిపిస్తే ఏమి చూడాలి?

ఎగరబోయే ముందు తనిఖీలో విమానం కింద తడి కనిపిస్తే అది ఏ ద్రవమో ఎలా తెలుస్తుందన్నది ప్రశ్న. మొదట రంగు చూడాలి. చిన్న పిస్టన్ విమానాల్లో వాడే 100ఎల్ఎల్ పెట్రోలు నీలంగా ఉంటుంది. అది త్వరగా ఆవిరైపోయినా రెక్క అడుగున నీలి చార మిగులుతుంది. చిన్న విమానాల బ్రేకుల్లోనూ, దిగేటప్పుడు కుదుపును పీల్చుకునే చక్రాల కాళ్లలోనూ (షాక్ స్ట్రట్లు) ఉండే హైడ్రాలిక్ ద్రవం సాధారణంగా ఎరుపు. ఇంజన్ ఆయిల్ తేనె రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. పెద్ద జెట్లలో హైడ్రాలిక్ ద్రవం ఊదారంగులో ఉంటుంది; అది కనిపిస్తే వేలు పెట్టి చూడకండి, చర్మం మండుతుంది. కంట్లో పడితే చెప్పనక్కరలేదు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది లీకు చోటు విషయంలో. ఎగిరేటప్పుడు గాలి ద్రవాన్ని వెనక్కి ఈడుస్తుంది. అందుకే పొట్ట కింద మరక ఉంటే, మూలం దానికి ముందువైపు, చాలాసార్లు ఇంజన్ దగ్గర ఉంటుంది. మరకను గుడ్డతో తుడిచి, కాసేపాగి మళ్లీ చూడండి. పాత మరకైతే తిరిగి రాదు, లీకైతే వస్తుంది.

ట్యాంకు నిండా ఇంధనం ఉండి ఎండ కాస్తే ట్యాంకులోకి గాలి వచ్చిపోయే వెంట్ గొట్టం నుంచి నాలుగు చుక్కలు రాలడం మామూలే. కానీ బ్రేకు దగ్గర ఎర్రటి తడి ఉంటే నేనైతే ఎగరను. ఎంత కారితే ఫరవాలేదో నిర్వహణ పుస్తకం చెబుతుంది, మెకానిక్ తేలుస్తాడు; పైలట్ ఊహ కాదు.