లాప్‌టాప్ ఆన్ అవుతోంది, స్క్రీన్ మాత్రం నలుపు. డిస్‌ప్లే మార్చాల్సిందేనా?

"ఫ్యాన్ తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. షాపులో చూసి డిస్‌ప్లే పోయింది, మార్చాలి అన్నారు. మార్పించమంటారా?" అని కదా మీరు అడిగింది.

వద్దు. కనీసం చీకటి పడేదాకా ఆగండి. రాత్రి గదిలో లైటు ఆర్పేసి, లాప్‌టాప్ ఆన్ చేసి, ఒక నిమిషం వదిలేసి, ఫోన్ టార్చిని స్క్రీన్‌కు దగ్గరగా ఏటవాలుగా పట్టి మెల్లగా జరపండి. లోపల గడియారం అంకెలో, ఐకాన్లో మసక మసగ్గా కనిపించాయంటే మీ ప్యానెల్, అంటే బొమ్మ గీసే పలక, బతికే ఉంది. ఈ పని చేయకుండా డిస్‌ప్లే పోయిందని చెప్పిన షాపుకు మళ్లీ వెళ్లకండి.

నేను మెకానిక్‌ను కాను. హన్మకొండలో ఉంటూ నర్సంపేట వైపు ఒక సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. కంప్యూటర్ ల్యాబ్ తాళాలు నా చేతికిచ్చిన పాపానికి స్టాఫ్‌కు, వాళ్ల చుట్టాలకు, ఆ చుట్టాల పక్కింటోళ్లకు కూడా నేనే కంప్యూటర్ సార్‌ను. ప్రింటర్‌లో ఇంకు అయిపోయినా నాకే ఫోన్, టీవీలో ఛానల్ రాకపోయినా నాకే ఫోన్. పెళ్లికి పోతే భోజనాల దగ్గర కూడా ఎవరో ఒకరు "సార్, మా పిలగాని లాప్‌టాప్ స్లో అయింది" అని పక్కన కూర్చుంటారు. ఇట్లా ఊరికే చేసిపెట్టిన చాకిరీలో నేర్చుకున్నదే ఇదంతా.

పోయిన వానాకాలం మా మేనకోడలు రాత్రిపూట తడుచుకుంటూ వచ్చింది. కాజీపేట వైపు హాస్టల్‌లో ఉండి బీటెక్ చదువుతోంది. తెల్లారితే ప్రాజెక్టు రివ్యూ. అంతకుముందే హన్మకొండ చౌరస్తా దగ్గర ఏదో షాపులో చూపించిందట. అక్కడి కుర్రాడు పవర్ బటన్ ఒక్కసారి నొక్కి చూసి, కనీసం తిప్పి కూడా చూడకుండా, "ప్యానెల్ పోయింది మేడం, ఆరువేల ఐదొందలు అయితది" అన్నాడట.

"మామయ్యా, ప్రాజెక్టంతా దాంట్లనే ఉంది" అని ఒకటే ఏడుపు.

"ఏడ్వకు బిడ్డా. ముందు ఆ లైటు ఆర్పు" అన్నాను.

టార్చి పట్టి చూస్తే ముందు ఏమీ కనిపించలేదు, అద్దం మీద వేలిముద్రలు తప్ప. ఇంకాస్త వాల్చి పట్టాక పైన గడియారం అంకెలు తేలాయి. వాటి కింద వేయి స్తంభాల గుడి నంది, నంది ముందు వరసగా నిలబడిన నలుగురు ఆడపిల్లలు. ఆమె పెట్టుకున్న ఫొటోయే. టార్చి జరిపినకొద్దీ వెలుగు పడినంత మేరే ఒక్కో మొఖం కనిపించి పోతోంది. టాకీసులో ప్రొజెక్టర్ బల్బు మాడిపోయినా రీలు తిరుగుతూనే ఉన్నట్టు, ప్యానెల్ తన బొమ్మ తాను గీస్తూనే ఉంది. వెనక లైటే లేదు.

అప్పుడు మూతను మెల్లగా ముందుకు వంచాను. సగం మూసినంత దగ్గర స్క్రీన్ ఒక్కసారిగా వెలిగింది. వెనక్కి వంచితే ఆరిపోయింది. మూత కదిలితే వెలుతురు వచ్చి పోతోందంటే నేను ముందు అనుమానించేది హింజ్, అంటే మూత తిరిగే కీలు, దగ్గర బోర్డు నుంచి స్క్రీన్‌కు పోయే కేబుల్‌నే.

ఫైళ్లు తీయడానికి హెచ్‌డీఎంఐ వైరు టీవీకి పెట్టాం. మా అమ్మ సీరియల్ మధ్యలో ఆగిపోయింది. ఆ కోపం ఆమెకు ఇంకా పోలేదు, అది వేరే సంగతి. టీవీలో బొమ్మ చక్కగా వచ్చింది. ఈ ఒక్క పరీక్షతో బోర్డు, గ్రాఫిక్స్ చాలా మటుకు బాగానే ఉన్నాయని తేలుతుంది. ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, పొద్దున స్నేహితురాలి లాప్‌టాప్‌తో రివ్యూ కానిచ్చింది.

రిపేరుకు వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు గల్లీలో నాకు తెలిసిన పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. బల్ల మీద ఇప్పటికీ ఒక టేప్‌రికార్డర్ విప్పి పెట్టి ఉంటుంది. ఆయన ముందు డిస్‌ప్లే జోలికే పోలేదు. కింది మూత విప్పి బ్యాటరీ కనెక్టర్ పీకాడు.

"ఇది పీకకుండ డిస్‌ప్లే కనెక్టర్ ముట్టుకున్నరనుకో సార్, బోర్డు మీద ఫ్యూజు కొడ్తది. అప్పుడు కొత్త డిస్‌ప్లే ఏసినా నల్లగనే ఉంటది. ఇగ మదర్‌బోర్డు పోయిందంటరు" అన్నాడు.

ఈ మాట మీరు కాగితం మీద రాసి పెట్టుకోండి. బ్యాక్‌లైట్‌కు, అంటే ఆ వెనక లైటుకు, కరెంటు ఇచ్చే పిన్నులు, బొమ్మ పంపే పిన్నులు ఒకే కనెక్టర్‌లో ఉంటాయి. కరెంటు ఉండగా దాన్ని వంకరగా లాగినా, పెట్టినా షార్ట్ కావచ్చు. ఆ ఫ్యూజు కళ్లద్దాలు పెట్టుకున్నా వెతుక్కోవాల్సినంత చిన్నది. డిస్‌ప్లే మార్చడానికిచ్చిన లాప్‌టాప్ "బోర్డు కూడా పోయింది" అన్న మాటతో తిరిగొచ్చిన కథలు నేను చాలా విన్నాను. వాటిలో ఎక్కువ భాగం ఇదేనని నా గట్టి నమ్మకం.

చుట్టూ ఉన్న ఫ్రేమును పాత ఏటీఎం కార్డు అంచుతో ఊడదీశాక అసలు సంగతి బయటపడింది. ఎడమ హింజ్ స్క్రూ పట్టుకునే ఇత్తడి బుష్ ప్లాస్టిక్‌లోంచి ఊడిపోయింది. మూత తెరిచినప్పుడల్లా హింజ్ పైకి లేచి కేబుల్‌ను నొక్కుతోంది. కేబుల్ మీద చుట్టిన నల్ల టేపు అరిగి, సన్నని వైర్లలో రెండు తెగి, రాగి పోగులు బయటికి కనిపిస్తున్నాయి. ఆయన మీటర్ పెట్టి కదిపితే బీప్ వచ్చి ఆగిపోతోంది. సికింద్రాబాద్ నుంచి కేబుల్ తెప్పించి వేసి, బుష్‌ను మళ్లీ అతికించి, మొత్తం పదకొండు వందలు తీసుకున్నాడు.

అందుకే నా దృష్టిలో అసలు దొంగ హింజ్. కంపెనీలు లాప్‌టాప్‌ను సన్నగా చేయాలన్న పిచ్చిలో బిగువైన హింజ్‌ను తీసుకొచ్చి పల్చటి ప్లాస్టిక్‌కు బిగిస్తున్నాయి. మనవాళ్లేమో ఒక్క చేత్తో, ఒక మూల పట్టుకొని మూత లేపుతారు. మధ్యలో పట్టుకొని తెరవమని మా బడిలో పిల్లలకు చెప్తే వింటారు, టీచర్లు వినరు.

టార్చి వేసినా ఏమీ కనిపించకపోతే కథ వేరు. క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల మెషిన్ నడుస్తున్నట్టే. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకొని బి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, దాంతోనే బొమ్మ వచ్చిన సందర్భాలున్నాయి. చాలా డెల్ మోడళ్లలో డి కీ నొక్కి పట్టి పవర్ ఆన్ చేస్తే స్క్రీన్ వరసగా రంగులు చూపిస్తుంది. రంగులు సరిగ్గా వస్తే ప్యానెల్ మంచిదే. క్యాప్స్ లాక్ కూడా పలకకపోతే, టీవీలోనూ బొమ్మ రాకపోతే ర్యామ్ తీయించి, దాని బంగారు అంచును రబ్బరుతో తుడిపించి మళ్లీ పెట్టించండి. ఓలెడ్ స్క్రీన్ అయితే ఈ టార్చి పరీక్ష పనికిరాదు, దానికి వెనక లైటంటూ ఉండదు.

ఇంకొకటి. మా హెడ్‌మాస్టర్ మేడం లాప్‌టాప్ మాటిమాటికి నల్లబడేది, సర్వీస్‌కు కూడా పోయివచ్చింది. చూస్తే ఆమె ఫోన్ ఫ్లిప్ కవర్‌కు అయస్కాంతం ఉంది, ఆ ఫోన్‌ను తీసుకొచ్చి కీబోర్డు పక్కన అంచు మీదే పెడుతుంది. మూత మూశామో లేదో లాప్‌టాప్‌కు తెలిసేదే అయస్కాంతంతో కాబట్టి అది మూత మూశారనుకొని స్క్రీన్ ఆర్పేస్తోంది. ఫోన్ పక్కకు పెట్టించాను, అంతే. మేడం ఇప్పటికీ విండోస్ అప్‌డేట్ వల్లే బాగయిందని అంటుంది.

మీరు నలుపు అన్నారు గానీ కొందరు మసకనే నలుపు అంటారు. ఒక్కసారి బ్రైట్‌నెస్ కీలు నొక్కి, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. మరీ పాత లాప్‌టాప్, 2010కి ముందుది అయితే చాలావాటిలో ఎల్‌ఈడీ బదులు సన్నటి ట్యూబు, దానికి కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ అనే చిన్న ముక్క ఉంటాయి. స్క్రీన్ ఎర్రబడి మసకైతే ఆ ట్యూబు ముసలిదైనట్టు.

ఇవన్నీ చూశాక కూడా ప్యానెలే మార్చాలని తేలితే, పగిలిన స్క్రీన్‌కైతే ఎలాగూ తప్పదు, షాపతను చెప్పే "అన్నిటికీ సరిపోయే" ప్యానెల్‌కు ఒప్పుకోకండి. పాత ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద పార్ట్ నంబర్ ఉంటుంది, ఫొటో తీసుకోండి. కనెక్టర్ 30 పిన్నులదా 40 పిన్నులదా అడగండి, రెండూ ఒకటి కావు. మీ ముందే విప్పమనండి. మొదట బ్యాటరీ పీకుతాడా లేదా చూడండి, పీకకపోతే లాప్‌టాప్ తీసుకొని బయటికొచ్చేయండి.